కొల్లేటి వైపు గోడ

నవంబరులో చలిగాలి తిరిగిందంటే కృపావరానికి పొద్దుటిపూట పని ఒకటి పెరుగుతుంది. గుడి ఊడ్చి, బల్లలు తుడిచి, పావురాల రెట్టలు కడిగాక, పొడుగాటి వెదురు నిచ్చెన రోడ్డు వైపు గోడకి ఆనించుకుని పైదాకా ఎక్కుతుంది. గోడ నెత్తికీ కప్పు దూలానికీ మధ్యనున్న సందులోకి వేళ్ళు దూర్చి చూస్తుంది. కింద చేపల చెరువులకి పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి, తలలెత్తి అడుగుతారు.

“ఎంతొచ్చిందండీ?”

“రెండు వేళ్ళు.”

“పోయినేడు ఈపాటికి మూడు వచ్చినట్టుందే?”

“చలి ఇంకా ముదరలేదు కదండీ. వస్తుంది.”

గేదె ఎన్ని పాలిచ్చిందో అడిగినట్టు అడిగి, ఎవరి దారిన వాళ్ళు పోతారు.

పైడిలంక గుడి కప్పుని మోసే మానులు ఏటా ఒక ఇటుక ఎత్తు పెరుగుతాయి. అవి పెరిగితే కప్పు లేస్తుంది. కప్పు లేస్తే గోడకీ దానికీ మధ్య సందు పడుతుంది. క్రిస్మస్‌కి ముందొచ్చే శనివారం, వంతు ఎవరిదైతే వాళ్ళు ఒక వరస ఇటుక పేర్చి ఆ సందు మూస్తారు. స్వీడన్ దొరల నాటి నుంచీ జరుగుతున్నదే ఇది. మండవల్లి దాటి కొల్లేటి వైపు మలుపు తిరగ్గానే, చేపల చెరువుల మధ్య ఆ గుడి ఒక్కటే నిలువునా కనిపిస్తుంది. తలుపులూ కిటికీలూ మాత్రం దొరలు పెట్టిన చోటే, కింద, మనిషి ఎత్తులోనే ఉండిపోయాయి. పైనంతా చీకటి. కొన్ని ఇళ్ళవాళ్ళు తెలివిగా తమ వరసలో గాలికని కంతలు వదిలారు కాబట్టి, మధ్యాహ్నం పూట ఆ చీకట్లోంచి వెలుగు చారలు చారలుగా దిగి బల్లల మీద పడుతుంది.

ఈ ఏడు వంతు కృపావరం వాళ్ళది. పెళ్ళయి గుడి ఉన్న ఈ దిబ్బకి వచ్చాక ఆమెకి ఇదే మొదటిసారి. మళ్ళీ వంతు తిరిగి వచ్చేసరికి తను ఉండదని ఆమెకి తెలుసు. అందుకే కొడుకు నాని కైకలూరు నుంచి మేత బస్తాల వ్యానులో తెచ్చి దింపిన ఇటుకల్ని ఒక్కొక్కటే చేత్తో తట్టి, మోత బాగున్నవాటిని ఏరి పక్కన పెట్టుకుంది. ఏరుతున్నంతసేపూ పెదవుల మీద ప్రార్థనే.

గుడికి రెండో వైపు, కొల్లేరు కనిపించే వరండాలో, పెద్దింటమ్మ కాపురం ఉంటోంది. మొన్న ఆగస్టు వరదకి చెరువు గట్టు తెగి, ఆ గట్టు మీదున్న ఆమె ఇల్లు నీళ్ళలో కూలిపోయింది. చెరువు కాపలా కాసే మొగుడు సోమరాజు అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. వరదప్పుడు దిబ్బ మీదికి ఎక్కినవాళ్ళందరూ నీళ్ళు తియ్యగానే దిగి ఇళ్ళకి వెళ్ళిపోయారు. దిగి వెళ్ళడానికి ఇల్లు లేక తల్లీకూతుళ్ళు ఇద్దరూ వరండాలో ఉండిపోయారు. కూతురు బేబీరాణి కైకలూరులో ఇంటరు చదువుతోంది. ఆ పిల్లకి గుడిని చూస్తే అన్నీ అనుమానాలే.

“అంత దూరం నుంచి మానులు మోసుకొచ్చారెందుకు అత్తయ్యా? ఇక్కడ టేకు దొరకలేదా?” అంది ఒక ఆదివారం సాయంత్రం, వరండాలో రికార్డు రాసుకుంటూ.

కృపావరం చీపురు పక్కన పెట్టి కూర్చుంది. ఎవరైనా ఇది అడిగితే ఆమె నిలబడి చెప్పదు.

“దొరకక కాదమ్మా. నీల్స్ దొర వడ్రంగి. ఆయనతో ఇంకో నాలుగైదు కుటుంబాలు వచ్చాయి, ఇక్కడే ఉండిపోదామని. ఇళ్ళు కట్టుకున్నారు, మన పిల్లలకి వడ్రంగం నేర్పారు. గుడి కడదామనేసరికి దొరసాని పట్టుబట్టిందిట. మా నాన్న ఇంటి వెనక ఉండే చెట్లు తెప్పిస్తేనే గుడి, లేకపోతే లేదు అని. ఓడలో కాకినాడ వచ్చాయి. అక్కడి నుంచి కాలవలో ఏలూరు. ఏలూరు నుంచి కొల్లేట్లో దోనెల మీద. బెరడు కూడా తియ్యలేదు. మనవాళ్ళు నవ్వారుట, ఏడాది తిరక్కుండా చెద తినేస్తుందని.”

“తినలేదా?”

“తినలేదు. ఆ ఏడు నవంబరులో, ఆరాధన జరుగుతుంటే, అందరి మొహాల మీదా ఎండ గీతలా పడింది. దొర లేచి చూస్తే గోడకీ కప్పుకీ మధ్య సందు! మేస్త్రిని పిలిచి కేకలేశాడుట, నీ గోడ కుంగిపోయిందని. ‘గోడ కుంగలేదండి దొరగారూ, కప్పు లేచింది’ అన్నాడుట మేస్త్రి. కొలిచి చూస్తే నిజమే. దొర మెట్టు మీద కూర్చుండిపోయాడు. దొరసాని వెళ్ళి మానుని పట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో అందిట.”

“ఏమంది?”

“అదే కదే ఎవరికీ తెలియంది! మా అత్తగారు చెప్పినప్పుడల్లా నేనూ అదే అడిగేదాన్ని. ఇప్పటికీ ఊడ్చేటప్పుడు ఆ మాను దగ్గరికి వస్తే నాకు అదే ఆలోచన. ఏమనుంటుంది?”

తర్వాత వెదురు గడ తెచ్చి గోడ మీద ఒక్కొక్క వరసా చూపించింది. ఇది దొరలు పెట్టిన రాయి. ఇది ఏసుపాదం తాతగారిది, సొంత బట్టీ. ఈ తెల్లగా కనిపించేది గుల్ల సున్నం బాగా దొరికిన ఏడాది పెట్టింది. ఇది యుద్ధం నాటిది. అప్పటికి తక్కిన దొరల్లో కొందరు జ్వరాలకి పోయారు, కొందరు ఓడెక్కి వెళ్ళిపోయారు. దొరసాని ఒక్కతే మిగిలింది. ఆ ఏడు ఇటుక బట్టీలు కాల్చలేదు. క్రిస్మస్ దగ్గర పడుతోంది, సందు అలాగే ఉంది. దొరసాని పెట్టెలోంచి తన నీలంపువ్వుల పింగాణీ పళ్ళాలన్నీ తీసి, పగలగొట్టించి, బురదలో అతికించి పెట్టించింది. గడ కొన తగిలితే ఆ వరస ఒక్కటే టింగుమంటుంది.

“ఎవరి వరస ఈ గోడలో ఉంటే ఈ దిబ్బ మీద వాళ్ళకి చోటు అని దొర రాసి పెట్టలేదు, నోటితో అన్నాడంతే. కొల్లేరు పొంగితే మునగని నేల ఇదొక్కటే కదా. అప్పటి నుంచీ అదే మాట.”

బేబీరాణి గోడకేసి పైదాకా చూసి, మళ్ళీ రికార్డులోకి తల దించుకుంది. “మాది లేదుగా,” అంది.

పెద్దింటమ్మ అప్పుడే బియ్యం కడిగి, ఆ నీళ్ళు తెచ్చి వరండాలో మాను మొదట్లో పోసింది. రోజూ పోస్తుంది. ఇవాళ ఈ మానుకి, రేపు పక్క మానుకి.

“అదేంటే, గుడి స్తంభానికి నీళ్ళు పోస్తావు?” అంది కృపావరం నవ్వుతూ.

“మాను కాదేంటి వదినా? మా ఇంటి దగ్గర మునగచెట్టుకి పోసేదాన్ని. అలవాటైన చెయ్యి, ఊరుకోదు.”

“నూరేళ్ళ పైబడి వాటికి ఎవరూ చుక్క పోసి ఎరగరు.”

“పొయ్యకే కాబోలు, ఏడాదికి ఒక్క ఇటుకే పెరుగుతున్నాయి పాపం.”

డిసెంబరు మొదటివారంలో ఎడ్విన్ మాస్టారు కర్ర పొడుచుకుంటూ వరండాలోకి వచ్చారు. రిటైరైన టీచరు, సంఘ కమిటీ పెద్ద. ఎనభై దాటాయి. గట్టిగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. అందుకే ఆయన చెప్పింది కాదనడం ఎవరికీ చేతకాదు.

“పెద్దింటమ్మా, నీకు కష్టం కలిగించే మాట చెప్పాలమ్మా. పండక్కి సున్నాలు వేయించాలి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వస్తారు. వరస శనివారం నాటికి వరండా ఖాళీ చెయ్యాలి.”

“అలాగేనండి,” అంది పెద్దింటమ్మ, గిన్నె తోముతూనే.

కృపావరమే ఆగలేకపోయింది. “ఎక్కడికి వెళ్తారు మాస్టారూ? దిబ్బ కొసన, పాత ఎడ్లబళ్ళ చావిడి పక్కన అంత నేల ఖాళీగా పడి ఉంది కదండీ. ఓ పాక వేసుకుంటే ఎవరికి అడ్డం?”

“అడ్డమని కాదమ్మా కృపావరం. ఈవిడకి ఇస్తే గట్ల మీదున్న మిగతావాళ్ళకి కాదని ఎలా చెప్పను? వాళ్ళవీ ప్రాణాలే. దిబ్బ ఎంతుంది? వరస ఉన్న ఇంటికే చోటు. నేను పెట్టిన మాట కాదు, మార్చడానికీ నేను కాదు.”

“అయితే ఈ ఏటి నా వరస ఆవిడకి ఇస్తాను.”

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. “వరస ఇంటిదమ్మా. పక్కింటికి ఇచ్చుకోడానికి అదేం కూరగిన్నె కాదు. రేపు నీ కొడుకు పిల్లలు ఏ వరస చూపించి ఇక్కడ నిలబడతారు?”

ఆయన వెళ్ళాక పెద్దింటమ్మ గిన్నె బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుని, “నీ వరస నాకొద్దు వదినా,” అంది. “అడక్కుండానే ఇవ్వబోయావు, అది చాలు. పెదవేగిలో మా తమ్ముడున్నాడు. పామాయిల్ తోటల్లో గెలలు ఏరే పని ఎప్పుడూ ఉంటుందిట. ఇద్దరం వెళ్తే రెండు కూలీలు.”

“మరి పిల్ల పరీక్షలు?”

పెద్దింటమ్మ బోర్లించిన గిన్నె మళ్ళీ తీసి తోమడం మొదలుపెట్టింది. బేబీరాణి మర్నాడు కాలేజీకి వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. కానీ సాయంత్రాలు రికార్డు తీసి రాయడం మానేసి, ఊరికే కొల్లేటి వైపు చూస్తూ కూర్చునేది. కృపావరం రోజూ వాళ్ళ పేర్లు పెట్టి ప్రార్థన చేసేది. చేశాక నిచ్చెన ఎక్కి, రోడ్డు వైపు సందులో చెయ్యి పెట్టి చూసేది. మూడు వేళ్ళు. మూడున్నర. నాలుగు. దారిన పోయేవాళ్ళు అడిగేదీ అటు వైపు నుంచే కాబట్టి, కొల్లేటి వైపు నిచ్చెన వేసి చూడాలని ఆమెకే కాదు, ఆమెకి ముందు ఈ పని చేసినవాళ్ళకి కూడా ఏనాడూ తోచలేదు. అన్ని మానులూ సమంగా పెరుగుతాయన్నది అందరికీ తెలిసిన సంగతే కదా.

వరస శనివారం వచ్చింది. పొద్దున్నే పరంజా కట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. కృపావరం మొదటి ఇటుక కళ్ళకద్దుకుని మేస్త్రి నాగదుర్గారావుకి అందించింది. అది పైకి వెళ్ళి గోడ మీద కూర్చునేదాకా తలెత్తి చూస్తూనే ఉంది. వరండాలో పెద్దింటమ్మ రెండు సంచులు సర్దుకుని, పదకొండింటి బస్సుకని కూర్చుని ఉంది. వదిన వరస చూసి వెళ్దామని ఆగింది.

రోడ్డు వైపు గోడ ముచ్చటగా పూర్తయింది. ఇటుక మీద సున్నపు మాలు, మాలు మీద దూలం, వెంట్రుక సందు లేదు. మేస్త్రి ముందు గోడ మీదికి తిరిగాడు. కాసేపటికి పైనుంచి కేక వినిపించింది.

“అమ్మగారూ! ఇదేంటండీ, సందు కొల్లేటి వైపు పోనుపోను నోరు తెరుస్తోంది!”

“సరిగ్గా చూడవయ్యా.”

“చూశానండీ బాబూ! ఆ కొసకి మీ వరస పెట్టినా ఇంకో వరస పట్టేంత మిగులుతుంది!”

జనమంతా కొల్లేటి వైపు పరిగెత్తారు. తలలెత్తి చూస్తే నిజమే. ఆ వైపు మానులన్నీ రెండింతలు లేచాయి. కప్పు అటు ఎత్తుగా, రోడ్డు వైపు తల వంచినట్టుగా ఉంది. సందులోంచి రెండు పావురాలు దర్జాగా వచ్చి పోతున్నాయి.

“ఏడాదికి ఒక్క ఇటుక కదా! ఇవేం చేష్టలు?” అన్నాడొకాయన, మానులు విని సర్దుకుంటాయేమో అన్నట్టు.

కృపావరం మాను మొదట్లోకి చూసింది. నేల తడిగా ఉంది. అన్నింటి మొదళ్ళూ తడిగానే ఉన్నాయి. తల తిప్పి పెద్దింటమ్మని చూసింది. పెద్దింటమ్మ మొహం పాలిపోయింది.

“అయ్యో! నేనే వదినా... బియ్యం కడుగే కదా అనుకున్నాను. అయ్యయ్యో, గుడి వంకర చేసేశానా?” అని మాస్టారి వైపు తిరిగి చేతులు జోడించింది. “తెలీక చేశానండీ. వెళ్ళిపోతున్నాను కదండీ, ఇంక పొయ్యను.”

ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అనడానికి ముందు ఆలోచించవలసింది వేరే ఉంది. సందు తెరిచి ఉంచి క్రిస్మస్ చెయ్యడమన్నది ఆ గుడికి లేదు. జనంలోంచి ఎవరో అన్నారు, “మాస్టారూ, వచ్చే వంతు మీదేగా! కృపావరమ్మగారి ఇటుకలు ఎలాగూ మిగులుతాయి. ఇవాళే కానిచ్చేయండి.”

“అవును మావయ్యగారూ,” అంది ఆయన కోడలు సిల్వియా, మెల్లిగా. “మీ చేత్తో జరుగుతుంది. వచ్చే ఏడు దాకా ఎందుకు?”

ఎందుకో అందరికీ తెలుసు. వర్షాకాలమంతా ఆయన మంచంలోనే ఉన్నారు. డాక్టరు ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. తన చేత్తో వరస పెట్టి పోవాలని ఆయన ఎన్నేళ్ళుగానో అంటున్నారు. వంతు ఒక్క ఏడాది దూరంలో ఉంది. ఆ ఏడాది ఆయన దగ్గర ఉందో లేదో ఎవరికీ తెలియదు.

మాస్టారు కర్ర సిల్వియాకి ఇచ్చి పరంజా ఎక్కడం మొదలుపెట్టారు.

“వద్దండీ మాస్టారూ!”

“పడతారండీ!”

ఆయన వినిపించుకోలేదు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కారు. మేస్త్రి వెనకే ఎక్కి నడుం పట్టుకున్నాడు. పైన గోడ నెత్తి మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి మోచేతి దాకా సందులో పెట్టారు. అలాగే ఉండిపోయారు. కింద కృపావరం కళ్ళు మూసుకుంది. ఏమని ప్రార్థించాలో ఆమెకి తోచలేదు. ఎవరి కోసం ప్రార్థించినా రెండోవారికి అన్యాయం చేసినట్టే ఉంది. చివరికి, నీ ఇష్టం తండ్రీ, అనుకుంది.

మాస్టారు దిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. ఆయాసం తగ్గేదాకా అందరూ ఆగారు.

“ఇది మా సందు కాదు,” అన్నారు.

సిల్వియా ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తారు.

“మా వంతు సందు మా ఏట వస్తుంది, ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే. దాన్ని మావాళ్ళు మూస్తారు, నేనున్నా లేకున్నా. ఇది పోసినవాళ్ళది. వాళ్ళే మూయాలి.”

“వాళ్ళు మన సంఘం కాదు కదండీ,” అన్నాడు వెనక నుంచి ఒకడు.

“లేచిన మానుకే ఆ సంగతి పట్టలేదు. నాకెందుకయ్యా పట్టడం?” అని మాస్టారు పెద్దింటమ్మ వైపు తిరిగారు. “ఇటుకలు తెచ్చుకో అమ్మా. కృపావరానివి కాదు. ఎవరింటి ఇటుక వాళ్ళదే ఉండాలి.”

“నాకు ఇల్లే లేదు కదండీ. ఇంటి ఇటుకలు ఎక్కడివి?” అంది పెద్దింటమ్మ. ఆమెకి ఇంకా సంగతి పూర్తిగా ఎక్కలేదు.

బేబీరాణికి ఎక్కింది. “ఉన్నాయమ్మా! నీళ్ళు తీశాయిగా. పడిన చోటే ఉన్నాయి, గట్టు పక్కన. బస్సులోంచి రోజూ చూస్తున్నాను.”

పదకొండింటి బస్సు వచ్చి, హారను కొట్టి, వెళ్ళిపోయింది.

చేపలు పట్టే వడ్డీల పేట నుంచి దోనెలు వచ్చాయి. తల్లీకూతుళ్ళు మోకాలి లోతు నీళ్ళలో దిగి, కూలిన గోడల్లోంచి ఒక్కొక్క ఇటుకా పైకి తీశారు. పచ్చటి పాచి, నత్తలు. సోమరాజు ఒక్కో కూలి రోజుకీ ఇన్నిన్ని కొని, తనే కట్టుకున్న గోడలవి. దోనెలు తిరిగి వచ్చేసరికి కృపావరం కొబ్బరిపీచు పట్టుకుని సిద్ధంగా ఉంది. ఇద్దరూ కూర్చుని పాచి రుద్దారు. నాగదుర్గారావు గొణుగుతూనే ఉన్నాడు, ఒకటి లావు ఒకటి సన్నమని, ఇలాంటివాటితో వరస ఎలా తేలుతుందని. కానీ తేల్చాడు. చివరికి బారెడు చోటుకి ఇటుకలు చాల్లేదు.

“ఇంకేమైనా ఉందా అమ్మా, ఇంట్లోది?”

పెద్దింటమ్మ వెళ్ళి, ఇటుకలతో పాటు తెచ్చుకున్న గడప దోనెలోంచి తీసుకొచ్చింది. తాటిదూలం చెక్కించి పెట్టిన గడప. నెలల తరబడి నీళ్ళలో నానినా చారల్లో పసుపు ఇంకా పట్టుకునే ఉంది. జనం మాస్టారి వైపు చూశారు. మాస్టారు కొల్లేటి మీద ఎగురుతున్న కొంగల వైపు చూస్తున్నారు. నాగదుర్గారావు గడపని పైకి లాక్కుని, సందులో ఆనించి, సుత్తితో నెమ్మదిగా రెండు దెబ్బలు వేశాడు. దూలం దాని మీదికి దిగి కూర్చుంది. పొద్దు వాలుతోంది. గుడిలోపలికి ఇంక ఎక్కడి నుంచీ ఎండ రావడం లేదు.

మర్నాడు ఆరాధన అయ్యాక, అలవాటు ప్రకారం కృపావరం వెదురు గడ పట్టుకుని కింది నుంచి పైదాకా వరసలు చెప్పింది. రాతి వరస నుంచి పింగాణీ దాకా, పింగాణీ నుంచి నిన్నటి తన ఇంటి వరస దాకా. తర్వాత కొల్లేటి వైపు తిరిగి, గడ చాలినంత పైకెత్తి, “సోమరాజు, పెద్దింటమ్మ,” అంది. జనం ఆమేన్ అన్నారు.

వరండాలోంచి సంచులు తీసుకుని పెద్దింటమ్మ మాస్టారి వెంట నడిచింది, వెనకే కృపావరం. బళ్ళ చావిడి దాటాక ఆయన ఆగి, కర్ర కొనతో నేల మీద గీత గీశారు. కొంచెం నడిచి మళ్ళీ గీశారు. నాలుగో గీత మొదటిదాన్ని కలిశాక, “చాలుతుందా అమ్మా?” అని అడిగారు.

పెద్దింటమ్మ గీత దాటి లోపలికి వెళ్ళి, మధ్యలో నిలబడింది. చుట్టూ చూసింది. తర్వాత సంచులు పక్కన పెట్టి కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ చెరువు గట్ల మీద, చాప కింద చెమ్మ ఊరే నేల మీద పడుకున్న మనిషి. అరచెయ్యి చాపి నేల మీద ఆనించింది. తీసి చూసుకుని, ఇంకోచోట ఆనించింది.

“తడి లేదు వదినా,” అంది.

కృపావరం గీత బయటే నిలబడిపోయింది. బేబీరాణి వచ్చి తల్లి పక్కన కూర్చుని, పుస్తకాల సంచి ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టింది.